రెండో పేరున్న జట్టు

జూన్ 4, 2018

షాకిర్ వచ్చాడు. రైల్వే డాక్టరు పనికిరావన్నాడట.

ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 5

నా భార్య ఫాతిమా ఉన్నప్పుడు ఇలాంటివి ఆమెకు చెప్పేవాణ్ణి. ఆమె పోయాక ఆదోని గది ఖాళీ చేసి, ఎమ్మిగనూరులో కూతురు తస్లీమా ఇంటికి వచ్చినప్పటి నుంచి కాగితానికి చెబుతున్నాను. అల్లుడి ఇంట్లో మామ ఎంత తక్కువ మాట్లాడితే అంత మర్యాద.

మనవడు షాకిర్ స్టేషన్ మాస్టర్ ఉద్యోగానికి రాశాడు. రాతపరీక్ష పాసయ్యాడని అల్లుడు ఖాజా బజారంతా మిఠాయి పంచాడు. ఒక్క మెడికల్ మిగిలింది. అక్కడ డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి, చుక్కల్లో ఏ అంకె ఉందో చెప్పమన్నాడట. మనవడికి చుక్కలే కనిపించాయట.

రోజా ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు కూర్చున్నామో లేదో ఖాజా మొదలుపెట్టాడు.

“డిగ్రీ సదివినోనికి అంకె సదవనీకి రాలేదంటనా?”

“కనపడలేదు పప్పా.”

“యాడ కనపడక పోతాది? బెంగళూరులో దోస్తుల జతన తిరగల్లని ఉంది నీకు. అందుకే కావాలని పోగొట్టుకోని వచ్చినావు.”

“రోజా ఇడిసే యాళకు ఈ మాటలెందుకు? ముందు నీళ్లు తాగండి” అంది తస్లీమా.

“నువ్వు ఊరుకో. మీ పక్క బుద్ధులే వచ్చినాయి వీనికి.”

వాళ్ల పక్క అంటే నేనే. ఎదురుగానే ఉన్నాను. ఖర్జూరం నోట్లో ఉంది. మింగాను.

జూన్ 7

మళ్లీ పరీక్ష చేయమని అర్జీ పెట్టుకోవచ్చట. ఖాజా పెట్టించాడు. అంతదాకా వాణ్ణి తన గుడ్డల షాపులో కూర్చోబెట్టాడు.

మ్యాచింగ్ సెంటరు. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లోపలి గుడ్డ, ఫాల్ ఇవ్వాలి. రంజాన్ నెల, మనుషులు నిలబడడానికి చోటు లేదు. నేను మూలన కూర్చుని గుడ్డలు మడత పెడుతున్నాను. అంగన్‌వాడీ మహేశ్వరి చీర విప్పింది. షాకిర్ పై అర నుంచి ముక్క తీసి ఇచ్చాడు.

“ఏమప్పా, పచ్చచీరకు మట్టిరంగు ముక్క తెస్తివే! నన్ను ఎగతాళి చేస్తాండావా?” అంది.

ఆడవాళ్లంతా నవ్వారు. ఖాజా మీటరు కడ్డీతో వాడి చేతి మీద కొట్టాడు. “పుట్టింది మ్యాచింగ్ సెంటర్లో! చిన్నప్పట్నించీ ఇదే కత. సోమరిపోతు. కండ్లు పెట్టి సూడనే సూడడు.”

వాడు తెచ్చిన ముక్క నేనూ చూశాను. నాకు సరిగ్గానే అనిపించింది. షాపులో లైటు మంచిది కాదు.

జూన్ 9

ఖాజా కొత్త ట్యూబులైట్లు వేయించాడు. చీరలు మునుపటిలాగే ఉన్నాయి.

జూన్ 14

రాయాలి.

రంజాన్ రాత్రుల తరావీ నమాజు చేసుకుని షాపుకు వెళ్లాను. అర మీద టీవీలో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు. ఈరోజే మొదలు. రష్యాకు, సౌదీకి ఆట. గిరాకీ ఉన్నా ఖాజా కళ్లన్నీ టీవీ మీదే. హైస్కూలు డ్రిల్లు సారు సుధాకర్ కూడా నిలబడ్డాడు. భార్య ఫాల్ ఏరుకుంటోంది.

చాలాసేపు చూశాను. బంతి ఎవరి దగ్గర ఉందో, ఎవరు ఎవరి మీదికి పోతున్నారో అర్థం కాలేదు. మామూలుగా షాపులో నేను నోరు తెరవను. ఎందుకు తెరిచానో.

“ఖాజా, సౌదీవాళ్లు యాడుండారప్పా? అందరూ ఒకే అంగీ ఏసుకున్నారే.”

షాపు షాపంతా నవ్వింది.

“మామా, పచ్చంగీలు మనోళ్లు. ఎర్రంగీలు వాళ్లు. తెలిసేకి మెడలో గంటలు కట్టల్నా ఏమి?” అన్నాడు ఖాజా.

“ఇద్దరూ ఒకే రంగు ఏసుకుంటే రెఫరీ ఆటే మొదలుపెట్టడు పెద్దాయనా. దానికి రూలుంది” అన్నాడు సుధాకర్ సారు.

మళ్లీ నవ్వారు. ఒక్క షాకిర్ నవ్వలేదు. స్టూలు మీద నిలబడి, చేతిలో గుడ్డ చుట్ట పట్టుకుని, టీవీని వదిలి నన్నే చూస్తున్నాడు.

సౌదీ ఐదు గోల్స్‌తో ఓడింది. ఖాజా టీవీ కట్టేశాడు. ఇంటికి నడుస్తుంటే షాకిర్ వెనకబడి నా పక్కకు వచ్చాడు. వాడు నన్ను తాతా అనడు, నానా అంటాడు.

“నానా, నీకూ కనపడలేదా?”

“టీవీ పాతది.”

“టీవీ కొత్తదే నానా.”

జూన్ 15

తెల్లవారకముందే సహరీ అన్నం తిని, పడుకోకుండా షాకిర్ ఫోన్ తెచ్చాడు. అందులో గుండ్రటి బొమ్మ.

“ఏం కనపడతాంది?”

“చుక్కలు.”

“లోపల?”

“లోపలా చుక్కలే.”

నవ్వాడు. వచ్చినప్పటి నుంచి వాడు నవ్వడం ఇదే. మెల్లగా చెప్పాడు. ఇది పుట్టుకతో వచ్చేదట. తాతకుంటే కూతురికి తెలియకుండా కూతురి ఒంట్లో కూర్చుని, ఆమె కొడుకులో బయటపడుతుందట. ఎరుపు, ఆకుపచ్చ ఒకటిగా కనిపిస్తాయట. నిన్నటి ఆటలో ఎవరెవరో తెలియలేదని మాలాంటివాళ్లు దేశదేశాల నుంచి ఫోన్లలో రాశారట.

“నువ్వు మాయమ్మకిచ్చినావు నానా. మాయమ్మ నాకిచ్చింది” అన్నాడు. కోపంగా అనలేదు.

ఆ చుక్కలు మరీ చిన్నవి, ముసలి కళ్లకు ఏం తెలుస్తుంది అన్నాను. పడుకున్నాను. నిద్ర రాలేదు.

కౌతాళం మిరప చేను. నాకప్పుడు పదకొండో పన్నెండో. మా నాన్న, అబ్బా అనేవాళ్లం, కూలికి తీసుకెళ్లేవాడు. పండిన కాయలే కోయాలి. నేను ఒళ్లు వంచి కోసేవాణ్ణి. గంప తెస్తే రైతు అందరి ముందు బోర్లించేవాడు. “సాయిబూ, పచ్చికాయలన్నీ తెంపి నా చేను గొరిగినాడు సూడు నీ కొడుకు.” అబ్బా పెరికిన మిరప కట్టె తీసుకునేవాడు. కొట్టాక మళ్లీ చేనులోకి తోసేవాడు. కింద వంగి ఒక్కో కాయా కంటికి ఆనించుకుని చూసేవాణ్ణి. ఏది పండో తెలిసేది కాదు. మెత్తగా ఉందా అని నొక్కి చూసేవాణ్ణి. ఆలస్యమయ్యేది. మళ్లీ దెబ్బలు.

మొద్దు అని పేరు పడింది. మొద్దుకు చదువెందుకని ఐదో తరగతితో ఆపారు.

ఆ తర్వాత ఆదోనిలో పత్తి మిల్లు. దూది తెల్లగా ఉంటుంది. అక్కడ నన్నెవరూ మొద్దు అనలేదు. అందుకే ఊపిరాడని ఆ దుమ్ములో అన్నేళ్లు ఉన్నాను. మాట్లాడితే మొద్దుతనం బయటపడుతుందని మాట్లాడకుండా ఉన్నాను.

మొద్దుతనం కాదట.

జూన్ 16

పండుగ. ఈద్గాకు వెళ్లి వచ్చాం. షాకిర్ నాకు తెల్ల చొక్కా తెచ్చాడు.

ఫాతిమా కూడా ఎప్పుడూ తెల్లవే కొనేది. “టమాటాలు నేను తెచ్చుకుంటా, నువ్వు ఉల్లిగడ్డలు తే” అనేది. ఆమెకు తెలుసా? తెలిసీ ఒక్కసారి కూడా అనలేదా? ఎవరిని అడగాలి?

జూన్ 19

టీ అంగడి దగ్గర సుధాకర్ సారు కనిపిస్తే ఆ రూలు గురించి అడిగాను. ముసలివాడు ఫుట్‌బాల్ అడుగుతున్నాడని ఆయనకు సంతోషమయింది. రెండో టీ కూడా చెప్పాడు.

ప్రతి జట్టూ రెండు జతలు తెచ్చుకోవాలట. ఒకటి ముదురుది, ఒకటి లేతది. ఆటకు ముందే చూసి, రెండు జట్లూ ఒకేలా ఉంటే ఒకరిని మార్చుకోమంటారట.

“ఎవురు మార్చుకోవల్ల సార్?”

“కాగితంలో మొదటి పేరున్న జట్టు తన రంగే ఏసుకుంటాది. రెండో పేరున్న జట్టు మార్చుకోవల్ల.”

“రెండోవాళ్లకు వాళ్ల రంగు మీద ఇష్టముంటే?”

“ఇష్టమెవురు అడుగుతారు పెద్దాయనా! రూలంటే రూలే.”

గోల్‌కీపరు తన జట్టులా కాకుండా వేరే రంగు వేసుకోవాలట. రెఫరీది ఇంకో రంగు. మేజోళ్లకు చుట్టే పట్టీ రంగు కూడా చూస్తారట. “అయితే ఒక్క సడలింపు ఉంది” అన్నాడు. “ఇద్దరు గోల్‌కీపర్లకూ ఒకే రంగు చొక్కా ఉండి, మార్చుకోనీకి ఇద్దరి దగ్గరా వేరేది లేకపోతే ఆట ఆపరు. అట్లే ఆడనిస్తారు.”

“మరి మొన్నటి ఆటలో ఎరుపు, పచ్చ?”

“అవి వేరే రంగులు కదా.”

“అందరికీనా సార్?”

నా ముఖం చూశాడు. “ఎందుకడుగుతాండారు? మీ ఇంట్లో ఎవురికన్నా…”

“లేదు సార్. ఊరికే” అని లేచాను.

మేజోళ్ల పట్టీ దాకా రాశారు. చూసేవాడి కన్ను గురించి రాయడానికి చోటు దొరకలేదు. రాసినవాళ్ల కళ్లకు అన్నీ కనిపించాయి మరి.

జూన్ 22

ఖాజాకు చెప్పేస్తానని తస్లీమాతో అన్నాను. షాకిర్ ఆమెకు ముందే చెప్పాడట. వంటింట్లో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“వద్దు అబ్బా.”

“వాడు కావాలని చేయలేదని తెలుస్తాదమ్మా. సోమరోడు కాదని తెలుస్తాది. షాపులో అందరి ముందర కొడతాండాడు.”

“నువ్వు సెప్తే ఉద్యోగం ఇస్తారా?”

“ఇయ్యరు.”

“మరి? ఇప్పుడే మీ పక్క, మీ పక్క అంటాడు. రేపట్నించి నిజంగానే నా పక్క అయిపోతాది. వాడు మగపిల్లోడు, యాడికన్నా పోతాడు. నేను యాడికి పోవల్ల? నువ్వు యాడికి పోతావు?”

చేటలో రాళ్లు టకటకమంటున్నాయి.

“సరే” అన్నాను.

రెండో పేరున్న జట్టు మార్చుకోవాలి. ఈ ఇంట్లో మొదటి పేరు ఖాజాది.

జూన్ 23

చెప్పకపోవడమే మంచిది. కూతురి కాపురం ముఖ్యం.

జూన్ 24

కూతురి కాపురం ముఖ్యం.

జూన్ 27

ఖాజా ఆ చుక్కల బొమ్మలన్నీ రంగుల్లో అచ్చు తీయించి తెచ్చాడు. చూస్తూ చూస్తూ ఉంటే అలవాటవుతుందని అతని నమ్మకం. రోజూ మధ్యాహ్నం షాకిర్‌తో చదివించాడు. మొదటిది పన్నెండు, తర్వాత ఎనిమిది, తర్వాత ఆరు. మదరసాలో పిల్లలు అలిఫ్ బే చదివినట్టు వాడు వరసగా చదివాడు.

ఈరోజు ఖాజా ఆ బొమ్మలను పేకముక్కల్లా కలిపి నా చేతిలో పెట్టాడు.

“మామా, ఊరికే కూసోని ఉంటావు. ఒక్కోటి తీసి సూపీ. వాడు సెప్పేది సరిగ్గా ఉందో లేదో సూడు. నేను నమాజుకు పోయొస్తా.”

అప్పుడే చెప్పి ఉండొచ్చు. “సరేనప్పా” అన్నాను.

ఒక బొమ్మ ఎత్తి పట్టుకున్నాను.

“పన్నెండు” అన్నాడు షాకిర్.

“సరిగ్గా ఉంది.”

“ఎనిమిది.”

“సరిగ్గా ఉంది.”

“నానా, నీకేమన్నా కనపడతాందా?”

“లేదు.”

“మరి సరిగ్గా ఉందంటావేం?”

ఇద్దరికీ నవ్వొచ్చింది. దేవుడా, చాలా నవ్వొచ్చింది. ఏమీ కనపడనివాడు చూపిస్తున్నాడు, ఏమీ కనపడనివాడు చదువుతున్నాడు. “ఆరు” అంటాడు, “శభాష్” అంటాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పరదా వెనక ఖాజా. టోపీ మరిచిపోయి తిరిగొచ్చాడట.

లోపలికి వచ్చి నా చేతిలో బొమ్మ లాక్కుని నా ముఖం ముందు పెట్టాడు. “ఇదెంత మామా?”

చుక్కలు. వంటింటి గడపలో తస్లీమా గరిటె పట్టుకుని నిలబడింది. నన్నే చూస్తోంది. షాకిర్ కూడా నన్నే చూస్తున్నాడు.

“కళ్లద్దాలు లేవప్పా” అన్నాను.

కళ్లద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

“ఇది నలభై ఐదు! వాడు ఆరంటాడు, నువ్వు శభాషంటావు! తాతామనవళ్లు కలిసి నాకు టోపీ పెడతాండారా? వీని ఎనకాల నువ్వుండబట్టే గదా వీడిట్ల తయారయింది!”

షాకిర్‌ను చెంప మీద కొట్టాడు. నన్ను కొట్టలేడు. నాకు పడాల్సింది వాడికి పడింది.

వాడు చెంప కూడా తుడుచుకోలేదు. నా కళ్లద్దాల వైపు చూస్తూ ఉన్నాడు.

జూలై 3

రెండో మెడికల్ అయింది. డాక్టరు పుస్తకం మధ్యలో తెరిచాడట. షాకిర్ పన్నెండు అన్నాడట. ఆ పేజీలో అంకే లేదట, వేలితో దిద్దే వంకర గీత ఉందట.

“బాగా బట్టీ పట్టినావే” అని నవ్వాడట డాక్టరు.

ఎర్ర సిగ్నలు, పచ్చ సిగ్నలు తెలియనివాడికి రైళ్లు అప్పజెప్పరు. అది న్యాయమే. డాక్టరు మీద నాకు కోపం లేదు.

జూలై 5

షాకిర్ బెంగళూరు పోయాడు. గోడౌన్‌లో అట్టపెట్టెలు ఎత్తే పని. ఖాజా గడప దాకా కూడా రాలేదు. “అనుకున్నదే చేసినాడు” అన్నాడు.

బస్టాండుకు నేనే వెళ్లాను. కోసిగి నుంచి వలసపోయేవాళ్లు మూటలతో బస్సు నిండా ఉన్నారు. వాడికి కిటికీ పక్కన సీటు దొరికింది. ఏదో ఒకటి అనాలని కిందే నిలబడ్డాను. బస్సు కదిలేటప్పుడు వాడే అన్నాడు.

“నానా, కళ్లద్దాలు జాగ్రత్త.”

జూలై 6

ఏమీ లేదు.

జూలై 8

ఫోన్ చేశాను. తీయలేదు. పనిలో ఉంటాడు.

జూలై 9

పనిలో ఉంటాడు.

జూలై 11

షాపులో మనిషి లేడని ఖాజా నన్ను అర దగ్గర నిలబెట్టాడు. అర మీద రంగు పేర్లు రాసి ఉండవు. చూసి తీయాలి.

ఆ మహేశ్వరే వచ్చింది. వేరే చీర. నేను ఒక ముక్క తీసి ఇచ్చాను.

“అయ్యో తాతా! నువ్వూ మనవని లెక్కనే తెచ్చినావే!” అంది. పక్కన ఇద్దరు నవ్వారు.

ఖాజా కుర్చీలోంచి లేచాడు. కడ్డీ చేతిలో ఉంది. నా మీదికి ఎత్తడానికి కాదు, గుడ్డ కొలుస్తున్నాడు. కానీ నాకు మిరప కట్టె గుర్తొచ్చింది.

“ఖాజా” అన్నాను. “నాకు ఎరుపూ పచ్చా ఒకటే. పుట్టినప్పట్నించీ ఇంతే. నా కూతురి మీదుగా వానికి పోయింది. వాడు అబద్ధం సెప్పలేదు. కళ్లద్దాలు లేవని నేనే అబద్ధం సెప్పినా.”

నవ్వు ఆగింది.

“మరి ఆ పొద్దు బొమ్మ మొగానికి పెట్టినప్పుడు నోట్లో ఏముండె మామా?” అన్నాడు ఖాజా. గట్టిగా అనలేదు.

నేను అరలో ముక్కలు సర్దాను.

“తస్లీమాకు తెలుసునా?”

సర్దుతూనే ఉన్నాను. అల్లుడు తెలివైనవాడు, అర్థమయింది. మహేశ్వరి వైపు తిరిగి, “ఇట్లియ్యమ్మా, నేను తీసిస్తా” అన్నాడు. తీసిచ్చిన ముక్క నేనిచ్చినదానిలాగే ఉంది. ఆమె సంతోషంగా తీసుకెళ్లింది.

జూలై 12

తస్లీమా అన్నం పెట్టి వెళ్లిపోయింది. లోపలి గదిలోంచి ఖాజా గొంతు వినిపిస్తోంది. “మీ పక్క రగతమే… దాచిపెట్టి, తండ్రీబిడ్డలు కలిసి నా కొడుకును నా సేతనే కొట్టించినారు…”

మాటలు పాతవే. ఇప్పుడు సాక్ష్యం దొరికింది.

ఎప్పుడు చెప్పినా ఆమెకు ఇది తప్పేది కాదు. ముందే చెప్పి ఉంటే వాడైనా ఇంట్లో ఉండేవాడు. ఇద్దరినీ పోగొట్టే రోజే చూసుకుని నోరు తెరిచాను.

జూలై 13

కొడుకుకు ఫోన్ చేయమని ఖాజాతో తస్లీమా అంటుంటే విన్నాను. “ఏమని చేయల్ల?” అన్నాడు. చేయలేదు.

జూలై 15

ప్రపంచకప్పు ఆఖరాట. ఇంట్లో నేనొక్కణ్ణే చూశాను. తస్లీమా లోపల పడుకుంది. ఖాజా షాపులో ఉన్నాడు.

ఒక జట్టు నీలం. ఇంకో జట్టు గళ్ల చొక్కాలు. ప్రతి మనిషీ తెలిశాడు. బంతి ఎవరి కాలి దగ్గర ఉందో, ఎవరు ఎవరికి ఇచ్చారో అన్నీ తెలిశాయి. ఆట ఇంత బాగుంటుందా అనిపించింది. పక్కకు తిరిగి చెప్పబోయాను. పక్కన ఎవరూ లేరు.

ఫోన్ చేశాను. ఈసారి తీశాడు. వెనకాల పెట్టెలు పడుతున్న చప్పుడు.

“మీ పప్పాకు సెప్పినా నాయనా. షాపులో, అందరి ముందర. నాకూ కనపడదని.”

పెట్టె ఒకటి కింద పెట్టిన చప్పుడయింది.

“ఇప్పుడా నానా?” అన్నాడు.

ఆట చూస్తున్నావా అని అడిగాను. టీవీ లేదన్నాడు. ఎవరు గెలుస్తున్నారన్నాడు. నీలంవాళ్లు అన్నాను. ఊ అన్నాడు. ఎవరో పిలిచారు, పెట్టేశాడు.

ఇద్దరు గోల్‌కీపర్లకూ ఒకే రంగు ఉండి, మార్చుకోవడానికి వేరే చొక్కా లేకపోతే ఆట ఆపరని సుధాకర్ సారు చెప్పాడు. ఆరోజు ఆ మాట నాకు బాగా నచ్చింది. మా ఇద్దరి కోసమే రాశారనుకున్నాను. గోల్‌కీపర్లు ఎక్కడ నిలబడతారో ఈరోజు సరిగ్గా చూశాను. ఒకడు ఈ చివర, ఒకడు ఆ చివర. ఆట అయ్యేదాకా ఒకరి దగ్గరికి ఒకరు రారు.